పదమూడో ఖాళీ

అమీర్‌పేటలో, జిరాక్సు షాపు మీద, మూడో అంతస్తు.
లిఫ్టుంది, పనిచేయదు.
రాత్రి ఏడింటి బ్యాచికి పద్నాలుగు కుర్చీలు,
వానొస్తే సగం ఖాళీ.
ఇరవై రెండేళ్లుగా అదే బోర్డు మీద అదే గీత గీస్తాను:
ఇటువైపు టు, అటువైపు ఇంగ్.

ఎంజాయ్ పక్కన ఇంగే రావాలి.
వాంట్ పక్కన టు తప్ప ఇంకోటి పొసగదు.
ఎందుకు సార్, అంటారు.
ఏం చెప్పను?
కొన్ని క్రియలకి మేనరికాలు.
ముందే మాటైపోయింది, మనల్నెవరూ అడగలేదు.
నవ్వుతారు. రాసుకుంటారు.

చిక్కంతా రెంటికీ తలుపు తీసే క్రియలతోనే.
రిమెంబర్ ఉంది చూడండి.
తాళం వేయాలని గుర్తుండటం వేరు,
తాళం వేసినట్టు గుర్తుండటం వేరు.
మొదటిది గడప దగ్గర, చేతిలో తాళంచెవితో.
రెండోది పంజాగుట్ట సిగ్నల్ దగ్గర, గుండె ఝల్లుమన్నాక.
ఆ తేడా మన నోట్లో ఎప్పట్నుంచో
ఏ బోర్డూ లేకుండా కాపురం ఉంటోంది.
ఎవరూ నేర్పలేదు. నేర్పలేదు గనకే వచ్చింది.

నిన్న పేపర్లు దిద్దుతున్నాను.
పదమూడో ఖాళీ.
హి స్టాప్డ్, డాష్, టు హిజ్ బ్రదర్.
నింపాల్సిన మాట: టాక్.
నా కీలో ఉన్న జవాబు టాకింగ్.
ఆ కీ నేనే రాసుకున్నాను, పదకొండేళ్ల కిందట.
పదమూడు మంది టాకింగ్ అన్నారు.
గౌసియా ఒక్కతే టు టాక్ అంది.
ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాను.

ఇవాళ క్లాసయ్యాక ఆగింది.
గ్యాస్ ఏజెన్సీలో పొద్దంతా ఫోన్లెత్తే పిల్ల,
సిలిండరు రాలేదని తిట్టేవాళ్లకి జవాబిచ్చే గొంతుతోనే అడిగింది.
"సార్, ఆయన ఏదో పని మీద పోతుండొచ్చు గద.
నడుమల తమ్ముడు కనిపించిండు. ఆగిండు. మాట్లాడిండు.
తప్పేముంది సార్?"

తప్పులేదు.
వ్యాకరణానికి రెండూ ఒప్పే.
పదకొండేళ్లలో నాకే
ఆ రెండోది తట్టలేదు.

తెలుగులో అయితే క్రియే మారిపోతుంది.
మాట్లాడటం ఆపాడు.
మాట్లాడటానికి ఆగాడు.
మధ్యలో ఒక్క అక్షరం.
ఆపడానికి మనిషి పట్టుపట్టాలి, ఏళ్లకేళ్లు.
ఆగడానికి కాళ్లు చాలు.

మా సుదర్శనానికి ఎర్రగడ్డలో తాళంచెవుల బండి.
నాన్న పోయాక, సైకిల్ షాపు అమ్మిన డబ్బు దగ్గర
ఒక మాట నేనన్నాను, ఒక మాట వాడన్నాడు.
ఎంత డబ్బో ఇప్పుడు గుర్తులేదు.
వాడన్నది గుర్తుంది.
నేనన్నది వాడినే అడగాలి.

తొమ్మిదింబావు బస్సు రోజూ వాడి ముందునుంచే పోతుంది.
బండి ఎడమవైపు.
నేను కుడివైపు కూచుంటాను.

ఇవాళ కుడివైపు సీటు దొరకలేదు.
బల్బు కింద తల వంచి
ఎవరిదో బీరువా తాళంచెవికి ఆకురాయి పెడుతున్నాడు.
బట్టతల. వాడికా!
చిన్నప్పుడు అమ్మ దువ్వెన విరిగేది వాడి జుట్టులో.
"ఎర్రగడ్డ, ఎర్రగడ్డ, దిగేటోళ్లున్నరా?" అంది కండక్టరమ్మ.
నోరు తెరిచాను.
వెనకనించి ఎవరో "ఎవరూ లేరు, పోనియ్" అన్నారు.
పోనిచ్చారు.

ఇంటికొచ్చి గౌసియా పేపరు తీశాను.
ఎర్రగీతని చెరపడం కుదరదు,
పక్కన మార్కు వేశాను. ఒకటి.
తక్కిన పదమూడు మందివీ తియ్యలేదు,
వాళ్లదీ నిజమే, నాకు తెలిసినంత నిజం.

రేపు ట్రై గురించి చెప్పాలి వాళ్లకి.
టు పెడితే, చేతనవుతుందో లేదో, చెమటోడ్చి ప్రయత్నించడం.
ఇంగ్ పెడితే, ఏమవుతుందో చూద్దామని
ఊరికే ఓసారి చేసిచూడటం.

వాడి నంబరు ఇంకా అదేనో కాదో.